సూపరింటెండెంట్ పేరుతో సీజన్‌కొకటి వచ్చే మెయిల్స్: ఏవి చదవాలి, స్టాఫ్‌కి వచ్చేది వేరుగా ఎందుకుంటుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాలస్ దగ్గర ఉంటున్నారు, పిల్లలు ఇద్దరు, ఒకరు మూడో క్లాసు, ఒకరు ఏడు. ఈ ఏడాదే మీరు పిల్లలు చదివే స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనే (అంటే ఆ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్ళన్నీ నడిపే సంస్థ) పారాగా, అంటే టీచర్‌కి సాయపడే స్టాఫ్‌గా, చేరారు, దాంతో ఆ డిస్ట్రిక్ట్ పెద్దైన సూపరింటెండెంట్ పేరు మీద పేరెంట్‌గా ఒక మెయిల్, ఉద్యోగిగా ఇంకో మెయిల్ వస్తున్నాయి, ఒకే వారంలో వచ్చినా రెండూ ఒకేలా లేవు. మీ ఆయనేమో అవన్నీ పండగ గ్రీటింగ్స్, డిలీట్ చేసెయ్ అంటున్నారు. చదవాలా వద్దా, ఆ తేడా ఎందుకు, సంక్రాంతికి ఇండియా వెళ్తే ఏమన్నా అంటారా, రిప్లై ఇస్తే అసలెవరన్నా చూస్తారా.

ముందు సూటిగా చెప్పేస్తా. అన్నీ చదవక్కర్లేదు, కానీ ఏడాదిలో నాలుగు మాత్రం వదలొద్దు: ఆగస్టుది, థాంక్స్‌గివింగ్‌కి ముందొచ్చేది, జనవరి-ఫిబ్రవరిలో వచ్చేది, మే నెలది. మిగతావి పైన రెండు లైన్లు చూసి వదిలెయ్యొచ్చు. రెండు మెయిల్సూ వచ్చినప్పుడు మాత్రం స్టాఫ్‌ది ముందు చదవండి, అసలు సంగతి ఎప్పుడూ అందులో ఒక మెట్టు ముందుంటుంది.

నేను ఇక్కడే ఒక డిస్ట్రిక్ట్ కమ్యూనికేషన్స్ ఆఫీసులో చాలా ఏళ్ళుగా చేస్తున్నా, సూపరింటెండెంట్ సంతకంతో వెళ్ళే ఈ లెటర్లు డ్రాఫ్ట్ చేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కాబట్టి లోపలి పద్ధతి కొంచెం చెప్పగలను. పేరుకి పండగ మెసేజే గానీ పండగ కోసమే రాసేది చాలా తక్కువ. ఆ నెలలో డిస్ట్రిక్ట్‌కి మీతో ఏదో ఒక పని పడి ఉంటుంది, పిల్లల్ని సెలవు ముందురోజు దాకా పంపించండి అనో, ఫలానా ఫారం నింపండి అనో, బడ్జెట్ టైటుగా ఉంది కాస్త సిద్ధంగా ఉండండి అనో. అది పొడిగా చెప్తే ఎవరూ చదవరు, అందుకని ఆకురాలే కాలం, కృతజ్ఞత, కొత్త సంవత్సరం అంటూ రెండు పేరాలు ముందు పెడతాం. మీకు కావాల్సింది ఎక్కువగా మూడో పేరాలో ఉంటుంది, లేదా కింద లింకుల్లో.

మన దగ్గరిలా అనుకుంటే ఇక్కడ పొరబడతాం. ఆంధ్రాలో, తెలంగాణలో డీఈఓ ప్రొసీడింగ్స్ ఇస్తే అది హెడ్మాస్టర్లకి వెళ్తుంది, దసరా సెలవులు ఎప్పటినుంచో మనం పేపర్లో చూసుకుంటాం, ఆయన మనకి ఉత్తరం రాయడు. మెగా పేరెంట్ టీచర్ మీటింగులు లాంటివి ఆంధ్రాలో 2024 డిసెంబర్‌లోనే మొదలయ్యాయి. ఇక్కడ సూపరింటెండెంట్ గవర్నమెంట్ పోస్టింగ్ కాదు, జనం ఎన్నుకున్న స్కూల్ బోర్డు కాంట్రాక్టు మీద పెట్టుకున్న మనిషి. టెక్సాస్ ఐఎస్‌డీల్లో (ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్టుల్ని అలా అంటారు) మామూలుగా ఏడుగురు ట్రస్టీలు, అంటే బోర్డు మెంబర్లు, ఉంటారు, ఆ ఏడుగురూ ఇక్కడి ఓటర్ల ఓట్లతో వచ్చినవాళ్ళు. అందుకని ఆ లెటర్ మీకు రాసినట్టే ఉంటుంది గానీ ట్రస్టీలు చదువుతారు, లోకల్ రిపోర్టర్లు చదువుతారు, ఫేస్‌బుక్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి. ప్రతి వాక్యం అంత నునుపుగా ఎందుకుంటుందంటే అందుకే, ఇంతమంది చదువుతారని తెలిసే గరుకు మాటలన్నీ ముందే తీసేస్తాం.

ఇప్పుడు ఒక్కొక్కటి.

ఆగస్టు లెటర్. బస్సు పక్కన సూపరింటెండెంట్ నవ్వుతున్న ఫోటో, వెల్కం బ్యాక్, కొత్త ఆశలు. దాటేసి కిందకి పోండి. ఏడాదికోసారి పేరెంట్స్‌కి చట్టప్రకారం చెప్పి తీరాల్సిన నోటీసులు అక్కడుంటాయి. ఒకటి ఫెర్పా, 1974 నాటి చట్టం, పిల్లల పేరు, అడ్రస్, ఫోటో లాంటివి డైరెక్టరీ ఇన్ఫర్మేషన్ కింద బయటివాళ్ళకి ఇవ్వొద్దని చెప్పే అవకాశం మీకిస్తుంది, గడువులోగా వద్దనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. శీతాకాలంలో మాకు ఫోన్ చేసి మా ఇంటి అడ్రస్ ఆ కోచింగ్ వాళ్ళకి ఎవరిచ్చారు అని అరిచే పేరెంట్స్ ప్రతి ఏడాదీ ఉంటారు, పాపం ఆగస్టు మెయిల్ తెరిచి ఉండరు. రెండోది ఫ్రీ అండ్ రెడ్యూస్డ్ లంచ్ అప్లికేషన్, అంటే స్కూల్లో భోజనం ఉచితంగానో తక్కువ ధరకో ఇచ్చేది, ఇది ఏటా కొత్తగా పెట్టాలి, పోయిన ఏడాది అర్హత స్కూలు తెరిచాక మొదటి 30 పనిదినాల వరకే నడుస్తుంది. ఉద్యోగం పోయి ఇంట్లో ఒకటే జీతం మీద ఉన్నవాళ్ళు మనవాళ్ళలో కూడా ఉన్నారు, మొహమాటపడి అప్లై చెయ్యరు.

2025 ఆగస్టు లెటర్లయితే మామూలుకన్నా బరువుగా వెళ్ళాయి, ఎందుకంటే ఆ ఏడాది టెక్సాస్ లెజిస్లేచర్ చాలా మార్చింది. స్కూలు టైంలో ఫోన్లు బంద్ అని ఒక చట్టం, సెనేట్ బిల్ 12 అని ఇంకోటి, దానివల్ల నర్స్ దగ్గర సేవలకీ, క్లబ్బుల్లో చేరడానికీ పేరెంట్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ ఫారం లింకు చాలా లెటర్లలో నాలుగో పేరాలో ఉంది. సెప్టెంబర్‌లో ఒక నాన్నగారు నాకు ఫోన్ చేశారు, వాళ్ళబ్బాయిని రోబోటిక్స్ క్లబ్‌లోకి రానివ్వడం లేదట, ఇది వివక్ష అని ఆయన కోపం. చూస్తే ఫారం నింపలేదు, అంతే, ఆ సాయంత్రమే నింపారు, అబ్బాయి మర్నాడు క్లబ్‌లో ఉన్నాడు.

స్టాఫ్‌గా మీకొచ్చే ఆగస్టు మెయిల్ వేరే లోకం. కాన్వొకేషన్ (ఇక్కడ అంటే ఏడాది మొదట్లో స్టాఫ్ అంతా కలిసే సభ), కొత్త లక్ష్యాలు, మధ్యలో జీతాల సంగతి. మీరు "అందరికీ ఐదువేలు పెరిగిందన్నారు, నాకేం రాలేదు" అని రాశారు కదా, అది అందరికీ కాదు. 2025లో వచ్చిన హౌస్ బిల్ 2 ప్రకారం 5,000 మంది పిల్లలు దాటిన డిస్ట్రిక్టుల్లో క్లాస్‌రూం టీచర్లకి మూడు నాలుగేళ్ళ అనుభవం ఉంటే 2,500 డాలర్లు, ఐదేళ్ళు, ఆపైన ఉంటే 5,000 డాలర్లు. చిన్న డిస్ట్రిక్టుల్లో అదే 4,000, 8,000. పారాలు, కౌన్సిలర్లు, ఆఫీసువాళ్ళు ఆ లెక్కలోకి రారు, వాళ్ళకోసం వేరే చిన్న పద్దు ఉంది, దాన్ని ఎలా పంచాలనేది డిస్ట్రిక్ట్ ఇష్టం. లెటర్‌లో "చరిత్రలో పెద్ద పెంపు" లాంటి మాట కనిపిస్తే సంబరపడే ముందు హెచ్ఆర్ పేజీలో మీ పే గ్రేడ్ చూసుకోండి.

అక్టోబర్‌లో వచ్చేవి చదవకపోయినా కొంప మునగదు. దీపావళి శుభాకాంక్షలు ఈమధ్య చాలా డిస్ట్రిక్టుల నుంచి వస్తున్నాయి, బాగుంటుంది. సెలవు మాత్రం వేరే సంగతి. న్యూయార్క్ సిటీలో 2023లో రాష్ట్ర చట్టం చేసి దీపావళిని స్కూలు సెలవు చేశారు, న్యూజెర్సీలో ఎడిసన్ లాంటి చోట్ల స్కూళ్ళు మూస్తారు, టెక్సాస్‌లో అది పూర్తిగా మీ డిస్ట్రిక్ట్ క్యాలెండర్ చేతిలో ఉంది. క్యాలెండర్ డ్రాఫ్టుల మీద సర్వే లింకు ఒక బోరింగ్ మెయిల్‌లో వస్తుంది, మనవాళ్ళు నింపరు, తర్వాత వాట్సాప్‌లో మనకి సెలవెందుకివ్వరు అని ఆవేశం. సర్వే నింపడానికి మూడు నిమిషాలు కూడా పట్టదు. సరే, ఆ గోల వేరే.

థాంక్స్‌గివింగ్ ముందు లెటర్. మీ సంక్రాంతి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగుదాం. ఈ లెటర్‌లో కృతజ్ఞత గురించి ఎంత రాసినా ఎక్కడో ఒకచోట "ప్రతి రోజూ ముఖ్యమే", "సెలవుల ముందు చివరి రోజు దాకా" అనే లైను తప్పకుండా ఉంటుంది. చదువు పోతుందనే బాధ నిజమే, కానీ అదొక్కటే కాదు. టెక్సాస్‌లో రాష్ట్రం డిస్ట్రిక్ట్‌కి డబ్బిచ్చేది ఎంతమంది ఎన్‌రోల్ అయ్యారని కాదు, రోజూ సగటున ఎంతమంది వచ్చారని. కాలిఫోర్నియాలోనూ అంతే. పిల్లాడికింత అనే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గర ఆగిపోయి 2025లో 55 డాలర్లు పెరిగింది, అంటే 6,215. ఏడాదికి సుమారు 170 పైచిలుకు రోజులు అనుకుంటే రోజుకి 36 డాలర్లు, అసలు లెక్కలో ఇంకా చాలా మెలికలున్నాయి గానీ ఒక అందాజు కోసం చెప్తున్నా. డిసెంబర్ రెండో వారంలోనే ఇండియా విమానం ఎక్కేవాళ్ళు ఒక్కో స్కూల్లో ఎంతమందుంటారో మనకి తెలుసు, మా ఫైనాన్స్ ఆఫీసుకి కూడా తెలుసు.

దీన్లోనే పనికొచ్చే ఇంకో చిన్న విషయం. హాజరు రోజంతా చూడరు, ప్రతి క్యాంపస్‌కి ఒక నిర్ణీత టైం ఉంటుంది, ఆ నిమిషానికి పిల్లాడు బిల్డింగ్‌లో ఉన్నాడా లేదా అన్నదే లెక్క. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సొస్తే అదేరోజు కాసేపైనా స్కూల్లో ఉండేలా చూసుకుని డాక్టర్ నోట్ ఇస్తే హాజరైనట్టే రాస్తారు. పొద్దున్న పదింటికి డెంటిస్ట్ అని రోజంతా ఇంట్లో ఉంచేస్తే ఇద్దరికీ నష్టం.

ఇక సంక్రాంతి. పండగ రోజుకి మతపరమైన సెలవు అడగొచ్చు, టెక్సాస్ చట్టం దాన్ని ఎక్స్‌క్యూజ్డ్‌గా ఒప్పుకుంటుంది, ప్రయాణానికి ముందొక రోజు వెనకొక రోజు కూడా. ముందుగా ఒక లెటర్ రాసిస్తే చాలు. కానీ వింటర్ బ్రేక్‌కి ముందు ఒక వారం, తర్వాత జనవరి 16 దాకా, ఇదంతా పండగ కింద రాదు. రెండు గీతలున్నాయి, రెండూ గుర్తుపెట్టుకోండి. ఆరు నెలల్లో పది రోజులు, లేదా రోజులో కొంత భాగం చొప్పున పదిసార్లు, కారణం లేని గైర్హాజరు ఉంటే ట్రూయన్సీ, అంటే చట్టం దృష్టిలో బడి ఎగ్గొట్టిన వ్యవహారం అవుతుంది. ఇంకోటి 90 శాతం నియమం, క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం రాకపోతే ఆ సబ్జెక్టుకి క్రెడిట్ గానీ ఫైనల్ గ్రేడ్ గానీ ఇవ్వకూడదు, అటెండెన్స్ కమిటీకి చెప్పుకుని పోయిన క్లాసులకి బదులు చేసి పూడ్చుకోవాలి. మీ మూడో క్లాసు పాపకి కూడా ఇది వర్తిస్తుంది, హైస్కూల్‌కే అనుకుంటారు చాలామంది. పైగా కొన్ని చోట్ల ఎక్కువ రోజులు వరుసగా రాకపోతే పేరు తీసేస్తారు, తిరిగొచ్చాక మళ్ళీ ఎన్‌రోల్ చెయ్యాలి, ట్రాన్స్‌ఫర్ మీద వేరే క్యాంపస్‌లో చదువుతుంటే ఆ సీటు ఉంటుందో ఉండదో. టికెట్లు బుక్ చేసే ముందు క్యాంపస్‌లో అటెండెన్స్ క్లర్క్‌తో మాట్లాడండి, ప్రిన్సిపల్‌కన్నా ఆవిడకే ఎక్కువ తెలుసు. మీరు పారా కాబట్టి మీ లీవులు ఇంకో తలనొప్పి, సెలవు ముందురోజూ తర్వాతరోజూ స్టాఫ్ లీవు పెట్టుకోనివ్వని డిస్ట్రిక్టులు చాలా ఉన్నాయి, స్టాఫ్ మెయిల్‌లో ఆ లైను ఉంటుంది చూడండి.

డిసెంబర్ మెసేజ్ నిజంగానే గ్రీటింగ్. హ్యాపీ హాలిడేస్ అనాలా మెర్రీ క్రిస్మస్ అనాలా అని ఆఫీసులో ఏటా చిన్న చర్చ, టెక్సాస్‌లో 2013లో దీనికోసం చట్టమే చేశారు, స్కూళ్ళలో సంప్రదాయ శుభాకాంక్షలు చెప్పుకోవచ్చని. వీడియో ఉంటుంది, పిల్లల కోరస్ ఉంటుంది. చూస్తే చూడండి.

జనవరి-ఫిబ్రవరి లెటర్ పైకి మంచు గురించి, లోపల డబ్బు గురించి. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను తర్వాత ఇక్కడ అందరూ వెదర్ మెసేజ్‌ల విషయంలో జాగ్రత్తపడ్డారు, పొద్దున్నే నిర్ణయం ఎలా తీసుకుంటారో, ఏ యాప్‌లో చెప్తారో ఒక పేరా ఉంటుంది. పనిలో పనిగా మీ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో అర్జెంట్ అలర్టులు టెక్స్ట్‌గా, న్యూస్‌లెటర్లు మెయిల్‌గా పెట్టుకోండి. రెండూ ఆపేసుకుని మంచులో పిల్లల్ని బస్ స్టాప్ దగ్గర నిలబెట్టినవాళ్ళని చూశా.

ఆ పేరా తర్వాతొచ్చేదే ముఖ్యం. వచ్చే ఏడాది బడ్జెట్ అప్పుడే మొదలవుతుంది. కోవిడ్ సాయంగా దేశం మొత్తానికి ఫెడరల్ నుంచి సుమారు 190 బిలియన్ డాలర్లు వచ్చాయి, దాన్ని కేటాయించుకునే ఆఖరి గడువు 2024 సెప్టెంబర్ 30తో అయిపోయింది, ఇటు మన పాత సబర్బుల్లో ఇళ్ళ ధరలు చూసి చిన్నపిల్లలున్న కుటుంబాలు రావడం తగ్గింది. లెటర్‌లో ఫెసిలిటీస్ కమిటీ (స్కూలు బిల్డింగుల సంగతి చూసే కమిటీ) వేస్తున్నాం, కమ్యూనిటీ అభిప్రాయం కావాలి అని కనిపిస్తే అది ఏదో స్కూలు మూసే సంగతి గురించే అని అనుకోండి. డాలస్ పక్కనున్న ప్లేనో ఐఎస్‌డీలో అలాగే కమిటీ కూర్చుంది, 2024 జూన్‌లో బోర్డు ఓటేసింది, రెండు ఎలిమెంటరీలు రెండు మిడిల్ స్కూళ్ళు 2024-25 చివర్లో మూతపడ్డాయి. ఓటింగ్ రోజు మీటింగ్‌కొచ్చి ఏడ్చిన పేరెంట్స్ కన్నా కమిటీ మొదలైనప్పుడే వచ్చి ప్రశ్నలడిగినవాళ్ళ మాటకి విలువెక్కువ, నేను చూసినంతలో ఏ డిస్ట్రిక్ట్‌లోనైనా ఇంతే.

మీరు అడిగిన తేడా ఇక్కడ బాగా కనిపిస్తుంది. పేరెంట్ లెటర్‌లో "మార్పులకి సిద్ధమవుతున్నాం" అని ఉంటే అదేరోజు స్టాఫ్ మెయిల్‌లో ఖాళీ అయిన పోస్టులు నింపడం ఆపాం, వచ్చే ఏడాది క్లాసుకి పిల్లల సంఖ్య పెరుగుతుంది అని ఉంటుంది. దాచిపెట్టడానికని అనుకోకండి. స్టాఫ్‌కి ముందు చెప్పడం మా వృత్తిలో పెద్ద నియమం, కార్ లైన్‌లో పేరెంట్ కిటికీ దించి అడిగేది టీచర్నే కదా, ఆవిడకి తెలియకపోతే ఆవిడ పరువూ పోతుంది మా పరువూ పోతుంది. అందుకని స్టాఫ్ మెయిల్ ఒక గంట ముందు వెళ్తుంది, ఉద్యోగాల భాష వాడుతుంది. పేరెంట్ లెటర్ ఇంకా ఖాయం కానివి చెప్పదు. స్టాఫ్ మెయిల్ కూడా పబ్లిక్ రికార్డే, ఎవరన్నా అడిగితే ఇవ్వాల్సొస్తుంది, అది తెలిసే రాస్తాం. కానీ మీరు మాత్రం ఉద్యోగిగా వచ్చినదాన్ని మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చెయ్యకండి, కొత్తగా చేరారు, ఎవరు పంపారో పసిగట్టడం ఎంతసేపు.

వేరే రాష్ట్రాల్లో ఉన్న చుట్టాలు ఇది చదువుతుంటే, మీ దగ్గర స్టాఫ్ మెయిల్స్ వేడెక్కే తేదీ వేరు. కాలిఫోర్నియాలో మార్చి 15, లేఆఫ్ నోటీసులు ఆలోగా ఇచ్చెయ్యాలి. న్యూజెర్సీలో టెన్యూర్ లేని, అంటే ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాని టీచర్లకి వచ్చే ఏడాది ఉంచుతారో లేదో మే 15లోగా చెప్పాలి.

ఎన్నికల సీజన్లో, అంటే ఇక్కడ మే మొదటి శనివారం, నవంబర్ మొదట్లో, బాండ్ (డిస్ట్రిక్ట్ తెచ్చే అప్పు) మీదో ట్యాక్స్ రేటు మీదో లెటర్ వస్తే ఒకటి గమనించండి. అందులో ఎక్కడా ఓటెయ్యమని ఉండదు, ఉండకూడదు, ప్రజాధనంతో ప్రచారం చెయ్యడం టెక్సాస్‌లో నేరం. పాస్ అయితే ఇది, కాకపోతే ఇది అని మాత్రమే చెప్తారు. అందుకే ఆ లెటర్లు చప్పగా ఉంటాయి, కానీ "కాకపోతే" తర్వాత ఉన్న పేరా చదవండి. 2024 నవంబర్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కో ఓటర్లు ట్యాక్స్ రేటునీ బాండ్లనీ కాదన్నారు. మనలో సిటిజన్లు కానివాళ్ళకి ఓటు లేదు గానీ బోర్డు మీటింగ్‌లో పేరు రాయించుకుని మాట్లాడటానికి సిటిజెన్‌షిప్ ఎవరూ అడగరు.

మార్చి, ఏప్రిల్ లెటర్లంటే స్టార్ పరీక్షల (టెక్సాస్ రాష్ట్రం ఏటా పెట్టేవి) ముందు బాగా పడుకోండి, బ్రేక్‌ఫాస్ట్ తినండి. మనవాళ్ళకి అది చూడగానే కంగారు, ఇంకో వర్క్‌బుక్ కొంటారు. అక్కర్లేదు, పదింటికి పడుకోబెట్టండి చాలు. ఎలాగూ 2027-28 నుంచి ఆ పరీక్ష స్థానంలో కొత్తది రాబోతోంది.

మే నెలది. పేరెంట్ లెటర్‌లో సమ్మర్ స్కూల్ రిజిస్ట్రేషన్, వేసవిలో పిల్లలకి భోజనం ఎక్కడ పెడతారు, వచ్చే ఏడాది క్యాలెండర్ ఉంటాయి. మీకు మాత్రం స్టాఫ్‌ది ఎక్కువ ముఖ్యం. టీచర్లకి కాంట్రాక్టు ఉంటుంది, పారాలకి టెక్సాస్‌లో మామూలుగా ఉండదు, ఎట్-విల్ అంటారు, అంటే ఎవరైనా ఎప్పుడైనా ముగించుకోవచ్చు. దాని బదులు వేసవి ముందు మీకు "రీజనబుల్ అష్యూరెన్స్" లెటర్ ఇస్తారు, ఆగస్టులో మళ్ళీ మీకు పని ఉంటుందని మేం అనుకుంటున్నాం అని దాని సారాంశం. అది చేతికొస్తే వేసవి నెలలకి నిరుద్యోగ భృతి రాదు, అందుకే డిస్ట్రిక్ట్ అది తప్పకుండా ఇస్తుంది. సంతకం పెట్టి కాపీ దగ్గర పెట్టుకోండి. అందరికీ వచ్చి మీకు రాకపోతే గమ్మున ఉండకుండా హెచ్ఆర్‌ని అడగండి. సూపరింటెండెంట్ థాంక్యూ మెయిల్ అదే వారం వస్తుంది, అందులో మీరంతా మా కుటుంబం అని ఉంటుంది, నేనే రాస్తా ఆ లైను చాలాసార్లు, కానీ ఉద్యోగం ఉందా లేదా అన్నదానికి ఆ లైను రుజువు కాదు.

ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లల్ని దింపుతూ తీసుకొస్తూ ఉంటే తెలుగులో కావాలని స్కూల్‌ని అడగొచ్చు. ఇంగ్లీషు రాదని పేరెంట్‌కి సమాచారం అందకుండా చెయ్యడానికి వీల్లేదని 1964 సివిల్ రైట్స్ చట్టం నుంచి వచ్చిన నియమం. యాప్‌లో భాష మార్చుకుంటే మెషిన్ అనువాదం వస్తుంది, తేదీలు టైములు మాత్రం ఇంగ్లీషు వెర్షన్‌లో ఒకసారి సరిచూసుకోండి.

చివరికి రిప్లై సంగతి. రిప్లై కొడితే అది సూపరింటెండెంట్ ఫోన్‌కి వెళ్ళదు, ఒక కామన్ ఇన్‌బాక్స్‌కి వస్తుంది, మాలో ఒకరు చదువుతాం, నిజంగానే చదువుతాం. "లెటర్ బాగుంది" అన్నవి ఒక ఫోల్డర్‌లో పడతాయి, అప్పుడప్పుడు పైకి చూపిస్తాం, ఆయనకీ మనసుంటుంది కదా. క్లాస్ టీచర్ మీద కంప్లయింట్ రాస్తే అది తిరిగి మీ ప్రిన్సిపల్ దగ్గరికే వస్తుంది, మీరు ఆవిణ్ణి దాటి వెళ్ళారన్న సంగతితో సహా. అందుకని టీచర్, ప్రిన్సిపల్, ఆపైన ఆ క్యాంపస్‌ని చూసే డైరెక్టర్, ఈ వరసలో వెళ్ళండి. లెటర్‌లో ఉన్న విషయం మీద, అంటే క్యాలెండర్, బస్సు రూటు, మూసే స్కూలు, అలాంటివాటి మీద మాత్రం సూటిగా అక్కడికే రాయండి. క్యాంపస్ పేరు, పిల్లల గ్రేడ్, ఒక్కటే ప్రశ్న, నాలుగు లైన్లు. పేరెంట్‌గా రాసేటప్పుడు మీ పర్సనల్ మెయిల్ నుంచి రాయండి, డిస్ట్రిక్ట్ మీకిచ్చిన ఐడీ నుంచి కాదు.